పరిమళ సారముల కథ

పాయసములో ఏలకపొడి ఎంత వేయవలెనో ఎరిగిన గృహిణికి, పరిమళము నెన్నుకొనుట ఒక విద్య యని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ విద్య చిన్న సీసాలలోనికి దిగిన కథను కొంత ముచ్చటించుకొందము.

1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమునకు పండ్ల సారములు కొన్ని వచ్చినవి. వానిలో పండన్నదే లేదు. బేరిపండు వాసన గొలుపు సారము, సారాయి బట్టీలలో మిగులు దుర్గంధపు నూనె నుండి తయారైనది! రసాయన శాస్త్రజ్ఞుడు హోఫ్‌మన్ ఈ సంగతిని వివరించెను. మిఠాయి వర్తకులకు ఆ సారములు వరమైనవి.

వెనీలా కథ ఇంతకన్న విచిత్రము. మెక్సికోకు చెందిన ఆ తీగ పరదేశములలో పూచెడిదే గాని కాయలు కాచుట అరుదు. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అను పండ్రెండేండ్ల బానిస బాలుడు సన్నని పుల్లతో పువ్వులోని పొరను ఎత్తి, బొటనవ్రేలితో పుప్పొడి నద్ది, కాయ కాయించెను. తోటలలో నేటికిని చేతితో చేయు పద్ధతి అదియే. ఆయన మాత్రము 1880లో పేదరికముననే కన్నుమూసెను. వెనీలా సీసాలపై ఆయన పేరు నేనైతే చూడలేదు. 1874లో జర్మనీ రసాయనికులు టీమన్, హార్‌మన్ శంకుఫల వృక్షముల రసములోని పదార్థము నుండి వెనిలిన్‌ను తయారుచేసిరి.

అంతవరకు ఇవన్నియు నాలుక కొరకే. 1963లో అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్, పొగాకు లేక రుచిగల తేమగాలిని పీల్పించు సిగరెట్టుకు పేటెంటు కోరెను; అది 1965లో లభించినది, అంగడికి మాత్రము ఎక్కలేదు. 2003లో చైనాలో హోన్ లిక్ ఎలక్ట్రానిక్ సిగరెట్టును రూపొందించిన పిదప, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్ తెచ్చి ద్రవమును ఇంటనే కలుపుకొనువారు బయలుదేరిరి. రుచికై వారు చేయిచాచినది మిఠాయి సారముల సీసాలకే. నూనెలో కరగించిన సారము ఊపిరితిత్తులకు చెరుపు గనుక గ్లైకాలులో కరగినదానినే తీసికొనవలెనని వారిలో తెలిసినవారు చెప్పుదురు. చిక్కు అంతటితో తీరలేదు.

2000లో మిస్సోరీ రాష్ట్రమున ఒక పేలాల కర్మాగారములో పనిచేసిన ఎనమండుగురికి, ఊపిరితిత్తులలోని సన్నని గొట్టములు పూడిపోవు వ్యాధి కలిగినట్లు బయల్పడినది. వెన్నవాసన నిచ్చు డైఎసిటైల్ ఆవిరిపై పరిశోధకుల దృష్టి పడినది. ఆహారమున వాడుటకు సురక్షితమని పరిశ్రమవారి పట్టిక కెక్కిన పదార్థమే అది! ఆ పట్టిక తినుటను గూర్చినది. పీల్చుటను గూర్చినది కాదు. దానికి బదులు వచ్చిన పెంటేన్‌డయోన్ సైతము ఎలుకల శ్వాసనాళములను దెబ్బతీసినట్లు 2012లో ప్రకటితమైనది. 2015లో హార్వర్డు పరిశోధకులు రుచిగల ఈ-సిగరెట్లు 51 రకములు పరీక్షింపగా, 39 ఇంట డైఎసిటైల్ కనబడినది. మీగడ రుచియా, కస్టర్డు రుచియా అని తర్కించుకొనువారికి సీసాపై చీటీ ఈ మాట చెప్పదు గదా!

మన దేశమున 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, డిసెంబరులో చట్టము ద్వారా ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, విక్రయము, నిలువ, ప్రకటన నిషేధింపబడినవి. వెనీలా సారము మాత్రము కేకుల కొరకును ఐస్‌క్రీముల కొరకును కిరాణా కొట్లలో దొరకుచునే యున్నది.