వియన్నా పేపర్లు రాత మార్చుకున్నప్పుడు

ఈ ఎపిసోడ్ విషయం కొంచెం బరువైంది. ఇవాళ మనసు బాగోలేకపోతే ఇక్కడే ఆపేయండి, తర్వాత చూడొచ్చు. టెలీ మానస్ నంబర్ 14416. 24 గంటలూ ఉంటుంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మనం వెళ్లేది వియన్నాకి, ఆస్ట్రియా రాజధాని. ఆత్మహత్యల గురించి ఈ ఊరు చాలా కాలంగా ఆలోచిస్తోంది. 1910లోనే ఫ్రాయిడ్ బృందం కూర్చుని విద్యార్థుల ఆత్మహత్యల మీద చర్చ పెట్టింది. స్కూలు పిల్లల్ని చావు వైపు నెట్టకపోతే చాలదు, బతకాలనే కోరిక కలిగించాలి అన్నాడాయన. మన ఇంటర్ రిజల్ట్స్ రోజులు గుర్తొచ్చాయా? నాకైతే వచ్చాయి. 1948లో ఎర్విన్ రింగెల్ అనే డాక్టర్ అక్కడే నివారణ కేంద్రం కూడా మొదలుపెట్టాడు.

అసలు కథ మెట్రోది. 1978లో వచ్చింది. మొదట్లో అక్కడ ఇలాంటి మరణాలు తక్కువే. 1984 నుంచి గబగబా పెరిగాయి. పేపర్లేమో పెద్ద హెడ్డింగులు, ఫొటోలు, సీరియల్‌లా వివరాలు. ఒక వార్త వేస్తే ఇంకో ఘటన, దాని మీద ఇంకో వార్త. ఇది గమనించిన నిపుణులు 1987లో ఎడిటర్లకి కొన్ని సూచనలు పంపారు. మొదటి పేజీలో వద్దు, ఫొటో వద్దు, ఎలా జరిగిందో వద్దు. "ప్రేమ విఫలమై" లాంటి ఒకే కారణం అంటగట్టొద్దు. సాయం ఎక్కడ దొరుకుతుందో మాత్రం రాయండి.

చట్టమేమీ లేదు, బతిమాలడమే. పేపర్లు విన్నాయి! ఆ ఏడాది మొదటి ఆరు నెలలతో పోలిస్తే తర్వాతి ఆరు నెలల్లో మెట్రోలో మరణాలు, ప్రయత్నాలు కలిపి 80 శాతానికి పైగా తగ్గాయి.

"అక్కడ కాకపోతే ఇంకోచోట చేసుంటారులే" అని మీకు అనిపించొచ్చు. నాకూ అదే డౌట్ వచ్చింది. కానీ ఊరు మొత్తం లెక్క చూసినా పెరగలేదు. ఎందుకంటే ఆ క్షణంలో మనిషి మనసు రెండు వైపులా లాగుతుంటుంది. ఆ గంట గడిస్తే చాలామంది బతుకు వైపే వస్తారు.

2010లో వియన్నా పరిశోధకులే ఇంకోటి చూపించారు. కష్టంలోంచి బయటపడ్డవాళ్ల కథలు వేస్తే అవి కాపాడొచ్చని. దీనికి పాపగేనో ఎఫెక్ట్ అని పేరు. 1791లో అదే ఊళ్లో మొదటిసారి ఆడిన మొజార్ట్ ఒపెరాలో పిట్టలు పట్టేవాడు పాపగేనో. చావబోతుంటే ముగ్గురు పిల్లలొచ్చి, నీ దగ్గర గంటలున్నాయి కదా, మోగించు అని గుర్తుచేస్తారు. అంతే, ఆగిపోతాడు.

మన పేపర్ల సంగతికొస్తే, నన్ను గుచ్చే మాట ఒకటుంది, "ఆత్మహత్యకు పాల్పడ్డాడు". దొంగతనానికి పాల్పడ్డాడు, అవినీతికి పాల్పడ్డాడు అంటాం చూడండి, ఆ వరస. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలాంటివాళ్లని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడమంది, శిక్షించొద్దంది. నేనైతే "ఆత్మహత్యతో చనిపోయాడు" అంటున్నా. కొంచెం ఎబ్బెట్టుగా ఉంది, అలవాటైపోతుందిలే.