మదర్‌బోర్డు.. పొదుపెక్కడ, ఖర్చెక్కడ?

కండ్లకోయ (మేడ్చల్): ఇంజినీరింగ్‌లో చేరిన కుమారుడు గేమింగ్ కంప్యూటర్ కావాలని అడిగాడు. చదువుకూ పనికొస్తుందన్న ఆశతో తండ్రి రూ.80 వేలు సమకూర్చాడు. దుకాణంలో రెండు కొటేషన్లు చేతికిచ్చారు. రెండింటిలోనూ ప్రాసెసర్ ఒక్కటే. తేడా అంతా మదర్‌బోర్డు దగ్గరే.. ఒకటి రూ.7 వేలు, మరొకటి రూ.18 వేలు. ‘ఖరీదైనది తీసుకుంటే ఆట వేగంగా నడుస్తుంది’ అని ఒకరు, ‘అన్నీ ఒక్కటే, చౌకది చాలు’ అని ఇంకొకరు చెబితే తండ్రి ఎవరి మాట నమ్మాలి? కళాశాలలు తెరిచే రోజుల్లో ఎన్నో ఇళ్లలో తలెత్తే ప్రశ్న ఇది. నిజానికి ఆ రెండు మాటలూ సగం సగమే నిజం.

ఔటర్ రింగ్ రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి కలిసే కండ్లకోయ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలలు వెలిశాయి. ఇక్కడ గేట్‌వే ఐటీ పార్కుకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. విడిభాగాలు కొని కంప్యూటరును అమర్చుకోవాలనుకునే ఈ ప్రాంత విద్యార్థులకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చిరపరిచితమే. అందరూ సీటీసీగా పిలుచుకునే ఆ సముదాయంలో అడుగుపెట్టే ముందే మదర్‌బోర్డు గురించి నాలుగు విషయాలు తెలుసుకుంటే వేల రూపాయలు ఆదా చేసుకోవచ్చు.

బోర్డు వేగాన్ని పుట్టించదు

తెరపై బొమ్మలు ఎంత సాఫీగా కదలాలన్నది ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు, ఆ తరువాత ప్రాసెసర్ నిర్ణయిస్తాయి. మదర్‌బోర్డు వాటిని కలిపి, విద్యుత్తు అందించే వేదిక మాత్రమే. ఒకే ప్రాసెసర్‌ను, ఒకే గ్రాఫిక్స్ కార్డును చౌక బోర్డుపైన, ఖరీదైన బోర్డుపైన ఉంచి ఆడిస్తే, ప్రాసెసర్‌కు తగిన విద్యుత్తు అందుతున్నంత వరకు తేడా స్వల్పమే. కాబట్టి పై ఉదాహరణలో మిగిలే రూ.11 వేలను గ్రాఫిక్స్ కార్డుకు మళ్లిస్తే ఒక మెట్టు పైది దొరుకుతుంది. ఆ తేడా ఆటలో స్పష్టంగా కనిపిస్తుంది. పైగా 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరగడంతో, ఏ భాగానికి ఎంత కేటాయించాలన్న లెక్క మరింత కీలకమైంది.

అక్షరం, అంకెల్లోనే మర్మం

బోర్డు సామర్థ్యాన్ని అందులోని చిప్‌సెట్ పేరు చెబుతుంది. ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లకు సరిపోయే ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో హెచ్‌610 అట్టడుగు మెట్టు. ఇందులో ర్యామ్‌కు రెండే స్లాట్లు ఉంటాయి. ర్యామ్ వేగాన్ని, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణీత స్థాయికి మించి పెంచుకునే వీలుండదు. ఎస్‌ఎస్‌డీ వేగం కూడా పీసీఐఈ 3వ తరానికే పరిమితం. మధ్య మెట్టు బి760. ఇందులో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు కానీ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయలేం. ఆ రెండూ కావాలంటే జెడ్790 తీసుకోవాలి. అదీ పేరు చివర ‘కె’ అక్షరం ఉన్న ప్రాసెసర్లకే ప్రయోజనకరం. ‘కె’ లేని ప్రాసెసర్ కొని జెడ్ బోర్డుపై డబ్బు పోయడం ఎద్దు లేని ఇంటికి బంగారు గంట కొన్నట్లే.

ఏఎండీ ఏఎం5 బోర్డుల్లోనూ ఇదే వరస. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏ620 చౌకది. ఇందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు. ర్యామ్ వేగం మాత్రం పెంచుకోవచ్చు. బి650లో రెండూ వీలవుతాయి. ఎక్స్ శ్రేణి బోర్డులు అదనపు ఎస్‌ఎస్‌డీలు, ఎక్కువ యూఎస్‌బీ పోర్టులు అవసరమైనవారికి తప్ప ఆటకు అనివార్యం కాదు.

ఎండాకాలమే అసలు పరీక్ష

‘అన్ని బోర్డులూ ఒక్కటే’ అన్న మాట తేలిపోయేది ఇక్కడే. ప్రాసెసర్‌కు కావాల్సిన తక్కువ వోల్టేజీని తయారుచేసి ఇచ్చే భాగాన్ని వీఆర్‌ఎం అంటారు. చౌక బోర్డుల్లో ఈ భాగాలు తక్కువ. వాటిపై వేడిని లాగే అల్యూమినియం దిమ్మె, అంటే హీట్‌సింక్, చాలాసార్లు ఉండనే ఉండదు. ఇంటెల్ కోర్ ఐ5-12400 గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఏఎండీ రైజెన్ 5 7600 కూడా 65 వాట్ల శ్రేణికి చెందినదే. ఇలాంటివాటిని పేరున్న సంస్థల సాధారణ బోర్డులు భరిస్తాయి. అదే కోర్ ఐ9-14900కె అయితే 253 వాట్ల వరకు లాగుతుంది. దాన్ని హెచ్‌610 బోర్డుపై పెడితే వీఆర్‌ఎం వేడెక్కి, ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. భారీ ధర పెట్టి కొన్న ప్రాసెసర్ చిన్నదానిలా పనిచేస్తుంది.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో, ఏసీ లేని హాస్టల్ గదిలో, గంటల తరబడి ఆట సాగితే ఈ బలహీనత ఇంకా త్వరగా బయటపడుతుంది. కాబట్టి చౌక బోర్డు తీసుకున్నా వీఆర్‌ఎంపై హీట్‌సింక్ ఉన్నదే ఎంచుకోవాలి. క్యాబినెట్‌లో గాలి ఆడేలా చూసుకోవాలి. విద్యుత్తు హెచ్చుతగ్గులున్న చోట సరైన ఎర్తింగ్, యూపీఎస్ లేకుంటే ఎంత ఖరీదైన బోర్డుకైనా ముప్పే.

రేపటి అవసరానికి విలువ కట్టండి

మరో అయిదేళ్లు అదే బోర్డుపై కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చా అన్నది ముఖ్యమైన లెక్క. ఏఎం4 బోర్డుల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. 2017లో కొన్న కొన్ని బి350 బోర్డులు సైతం బయోస్ మార్పుతో 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్‌3డీ ప్రాసెసర్‌ను స్వీకరించాయి. బోర్డు, ర్యామ్ మార్చకుండానే కంప్యూటర్ కొత్తదైంది. 2022 సెప్టెంబరులో మొదలైన ఏఎం5కు 2027, ఆపైన కూడా మద్దతు కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. కనుక ఏఎం5లో మంచి వీఆర్‌ఎం ఉన్న బి650 స్థాయి బోర్డుకు నాలుగు వేలు అదనంగా పెట్టడం వృథా కాదు.

ఎల్‌జీఏ 1700 సంగతి వేరు. 2024 అక్టోబరులో ఇంటెల్ కోర్ అల్ట్రా 200 శ్రేణికి ఎల్‌జీఏ 1851 అనే కొత్త సాకెట్ తెచ్చింది. పాత సాకెట్‌కు భవిష్యత్తు పరిమితం కాబట్టి అందులో ఖరీదైన బోర్డు కొనడంలో అర్థం తక్కువ. అయితే డీడీఆర్‌4 ర్యామ్‌తో పనిచేసే బోర్డులు ఆ సాకెట్‌లో లభిస్తాయి. ఇంట్లో పాత డీడీఆర్‌4 ర్యామ్ ఉన్నవారికి అది కలిసొచ్చే అంశం. ఏఎం5కు డీడీఆర్‌5 తప్పనిసరి.

ఒక్క సున్నాతో మోసపోవద్దు

హెచ్‌61, హెచ్‌610.. వినడానికి దగ్గరగా ఉన్నా నడుమ దశాబ్దం తేడా. హెచ్‌61 చిప్‌సెట్ 2011 నాటిది. ఇంటెల్ రెండు, మూడో తరం ప్రాసెసర్లకే సరిపోతుంది. ఊరూపేరూ లేని ముద్రతో కొత్తగా తయారైన హెచ్‌61 బోర్డులు నేటికీ ‘గేమింగ్ పీసీ’ ప్యాకేజీల్లో కనిపిస్తుంటాయి. కొటేషన్‌లో ‘మదర్‌బోర్డు’ అని మాత్రమే రాసి ఉంటే సంస్థ పేరు, పూర్తి మోడల్ నంబరు రాయించుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డుతో పొత్తు కూడా చూసుకోవాలి. 2022 జనవరిలో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కేవలం నాలుగు పీసీఐఈ మార్గాలనే వాడుకుంటుంది. బి450 వంటి పీసీఐఈ 3వ తరం బోర్డుపై దాని వేగం గణనీయంగా పడిపోతుంది. అదే కార్డు బి550పై మెరుగ్గా పనిచేస్తుంది.

బయోస్ మరో చిక్కు. చాలాకాలం నిల్వ ఉన్న బోర్డులో కొత్త తరం ప్రాసెసర్ పెడితే కంప్యూటర్ తెర వెలగదు. దుకాణంలోనే బయోస్ నవీకరించి ఇమ్మని అడగాలి. ప్రాసెసర్ లేకుండానే ఆ పని చేసే ‘బయోస్ ఫ్లాష్‌బ్యాక్’ మీట ఉన్న బోర్డులైతే నిశ్చింత. ఇంటెల్ 13, 14వ తరాల్లోని కొన్ని ప్రాసెసర్లకు అధిక వోల్టేజీ అందడం వల్ల ఏర్పడిన లోపాన్ని సరిదిద్దే మార్పు 2024 ఆగస్టులో బయోస్ ద్వారానే వచ్చింది. అందువల్ల బయోస్‌ను క్రమం తప్పక విడుదల చేసే సంస్థ బోర్డునే ఎంచుకోవడం శ్రేయస్కరం.

ఎవరికి ఏది?

* మొత్తం ఖర్చు పరిమితం, 65 వాట్ల ప్రాసెసర్, ఒక గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎస్‌ఎస్‌డీ చాలనుకుంటే: హెచ్‌610 లేదా ఏ620 సరిపోతుంది. మిగిలిన సొమ్ము గ్రాఫిక్స్ కార్డుకు కేటాయించాలి.

* రెండు మూడేళ్లలో ప్రాసెసర్ మార్చాలని, ర్యామ్ పెంచాలని ఉంటే: నాలుగు ర్యామ్ స్లాట్లు, హీట్‌సింక్ ఉన్న బి650 లేదా బి760. అత్యధికులకు ఇదే మేలైన మార్గం.

* ‘కె’ రకం పెద్ద ప్రాసెసర్, ఓవర్‌క్లాకింగ్, మూడు నాలుగు ఎస్‌ఎస్‌డీలు కావాలంటే: జెడ్ లేదా ఎక్స్ శ్రేణి. ఇవేవీ అవసరం లేనివారు రంగురంగుల దీపాలు చూసి అటు వెళ్లరాదు.

కొనేటప్పుడు 18 శాతం జీఎస్టీ చూపించిన బిల్లు తప్పక తీసుకోవాలి. క్రమసంఖ్య బిల్లుపై ఉందో లేదో, బోర్డుపై ఉన్నదానితో సరిపోయిందో లేదో చూసుకోవాలి. వారంటీ ఎన్నేళ్లో, సర్వీసు కేంద్రం నగరంలో ఎక్కడుందో ముందే అడగాలి. సాకెట్‌లోని సన్నని పిన్నులు వంగితే సాధారణంగా వారంటీ వర్తించదు. కాబట్టి పెట్టె తెరవగానే సాకెట్‌ను పరిశీలించాలి.

ఇంతకూ ఆ తండ్రి ఏ కొటేషన్‌పై సంతకం చేయాలి? ప్రాసెసర్ 65 వాట్లది, సాకెట్ ఎల్‌జీఏ 1700 అయితే రూ.7 వేల బోర్డు చాలు. ఏఎం5 అయితే రెండింటి నడుమ ఉండే మూడో కొటేషన్ అడగడం మంచిది. ముందు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తేల్చుకుని, వాటిని మోయగల బోర్డును చివర్న ఎంచుకుంటే పొదుపూ దక్కుతుంది, ఆటా సాగుతుంది.