భయం రక్తంలో ఉందా, మెదడులో ఉందా? చిట్టెలుకలు చెప్పిన చరిత్ర



నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, తీవ్రమైన ఉబ్బసంతో ఒక రైతు మా వార్డులో చేరాడు. ఆనాటి పద్ధతి ప్రకారం ఎక్కువ మోతాదులో ప్రెడ్నిసొలోన్ ఇచ్చాము. నాలుగైదు రోజులలో ఊపిరి తేలికైంది. కాని ఆయనకు నిద్ర కరవైంది. తెల్లవార్లూ ఆపకుండా మాట్లాడేవాడు, పక్క మంచాల వారిమీద విరుచుకుపడేవాడు. “అయ్యా, ఈయన మా ఆయన కాదండీ, వేరే మనిషి” అని భార్య కంటతడి పెట్టింది. “ఆయాసం తగ్గింది కదమ్మా, మనసు కుదుట పెట్టుకోమని చెప్పు” అని ఆమెను ఊరుకోబెట్టాను. మోతాదు తగ్గించిన తరువాత ఆయన యథాస్థితికి వచ్చాడు. నేనన్న ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. ఆ మాట ఎంత తప్పో నాకు పూర్తిగా బోధపరచినవి చిట్టెలుకలు. ఆ చరిత్రనే ఈ రోజు మీకు చెప్పదలచాను.

కథ 1936లో మొదలవుతుంది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో హాన్స్ సెల్యే అనే వైద్య శాస్త్రజ్ఞుడు ఎలుకలను రకరకాల బాధలకు గురిచేశాడు. చలి, శస్త్రచికిత్స గాయం, మితిమీరిన శ్రమ, మందుల విషప్రభావం, ఇలా కారణం ఏదైనా ఫలితం ఒక్కటే. మూత్రపిండాలపై టోపీలా ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. ఈ సంగతిని ఆయన ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖగా ప్రకటించాడు. నేడు మనం ‘స్ట్రెస్’ అని అలవోకగా అంటున్న మాటకు వైద్యశాస్త్రంలో పునాది అదే.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్ బృందం కీళ్లవాతంతో కదలలేని ఒక యువతికి కార్టిజోన్ ఇచ్చింది. కొద్ది రోజులలోనే ఆమె లేచి నడిచింది. 1950లో వారికి, స్విట్జర్లండులో పనిచేస్తున్న టాడెయుష్ రైక్‌స్టైన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు వాడకం పెరిగేకొద్దీ వైద్యులు మరొక సంగతి గమనించారు. కొందరు రోగులు పట్టరాని ఉత్సాహంతో ఊగిపోతున్నారు, కొందరు దిగులులో మునిగిపోతున్నారు, కొందరికి మతి చలిస్తోంది. 1972లో బోస్టన్‌లో వెలువడిన పరిశీలన దీనికి లెక్క కట్టింది. రోజుకు 40 మిల్లీగ్రాముల వరకు ప్రెడ్నిసోన్ వాడినవారిలో 1.3 శాతం మందికి, 80 మిల్లీగ్రాములు దాటినవారిలో 18.4 శాతం మందికి మానసిక లక్షణాలు కలిగాయి. మోతాదుతో పాటు మనసూ మారుతోందన్నమాట. నా రైతు ఆ లెక్కలోని మనిషే.

అడ్రినల్ గ్రంథి నడుము దగ్గర ఉన్నది, మనసుకు స్థానమైన మెదడు తలలో ఉన్నది. ఈ రెంటికీ వంతెన ఏది? 1968లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌యూవెన్ బృందం దీనికి జవాబు కనుగొన్నది. అడ్రినల్ గ్రంథులు తీసివేసిన ఎలుకలకు రేడియోధార్మిక కార్టికోస్టిరోన్ ఎక్కించి, అది మెదడులో ఎక్కడ నిలుస్తుందో వెదికారు. మనుషులలో కార్టిజాల్ చేసే పనిని ఎలుకలలో చేసే హార్మోను ఇదే. జ్ఞాపకశక్తికి ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్‌లో అది అన్నిటికంటె ఎక్కువగా నిలిచింది. అక్కడి కణాలలో దానిని పట్టి ఉంచే గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు ఉన్నాయన్నమాట. తాళంచెవి ఎంత తిరిగినా తాళం ఉన్న తలుపే తెరుచుకుంటుంది. హార్మోను తాళంచెవి అయితే గ్రాహకం తాళం.

1981లో కాలిఫోర్నియాలోని సాక్ సంస్థలో వైలీ వేల్ బృందం గొర్రెల మెదడు నుండి సి.ఆర్.ఎఫ్. అనే హార్మోనును వేరుచేసి, అందులో 41 అమైనో ఆమ్లాలు ఉన్నట్లు తేల్చింది. ఆపద ఎదురైనప్పుడు హైపోథాలమస్ దీనిని విడుదల చేస్తుంది. అది పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథిని మేల్కొలుపుతాయి.

ఇక చిట్టెలుకల వంతు వచ్చింది. కోరిన జన్యువును తొలగించి చిట్టెలుకలను పుట్టించే విద్య అప్పటికి చేతికి వచ్చింది. 1998లో సాక్ సంస్థలోను, జర్మనీలోని మ్యూనిక్ నగరంలోను రెండు బృందాలు సి.ఆర్.ఎఫ్. మొదటి గ్రాహకం లేని చిట్టెలుకలను రూపొందించాయి. భయాన్ని కొలిచే సాధనాలలో ఒకటి ప్లస్ గుర్తు ఆకారంలో, నేలకు ఎత్తుగా అమర్చిన నాలుగు దారుల బల్ల. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. మామూలు చిట్టెలుక గోడల చాటునే ఎక్కువసేపు గడుపుతుంది. ఇటువంటి పరీక్షలలో గ్రాహకం లేని చిట్టెలుకలు తక్కువ బెరుకు చూపాయి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఆ చిట్టెలుకల రక్తంలో కార్టికోస్టిరోన్ కూడ బాగా తగ్గిపోయింది. మరి భయం తగ్గినది రక్తంలో హార్మోను తగ్గినందుకా, మెదడులో గ్రాహకం లేనందుకా?

1999లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నుండి వచ్చిన ఫలితం నన్ను అమితంగా ఆశ్చర్యపరచింది. వారు మరొక తాళాన్ని, అంటే కార్టికోస్టిరోన్ గ్రాహకాన్ని, నాడీమండలంలో మాత్రమే తొలగించారు. ‘ఇక చాలు’ అని చెప్పే అడ్డుకట్ట పోవడంతో రక్తంలో హార్మోను పెరిగిపోయింది. అయినా ఆ చిట్టెలుకలలో భయం తగ్గింది. తాళంచెవులు గుట్టలుగా ఉన్నా, మెదడులో తాళం లేదు. 2003లో మ్యూనిక్ బృందం సి.ఆర్.ఎఫ్. గ్రాహకాన్ని ముందరి మెదడులో మాత్రమే తొలగించింది. విశ్రాంత స్థితిలో ఆ చిట్టెలుకల రక్తంలో హార్మోను సాధారణంగానే ఉన్నది, భయం మాత్రం తగ్గింది. దీనితో భయానికి కీలకం మెదడులోని గ్రాహకమేనని రుజువైంది.

ఇంత తెలిసిన తరువాత మందు చేయడం సులువే కదా అని మీరు అడగవచ్చు. ఔషధ సంస్థలూ అలాగే ఆశపడ్డాయి. సి.ఆర్.ఎఫ్. గ్రాహకాన్ని మూసివేసే మందులను దిగులు, ఆందోళన గల రోగులపై పరీక్షించాయి. ఒకదానిని కాలేయానికి హాని కలగవచ్చన్న శంకతో ఆపివేశారు. మరికొన్ని ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదు. 2011లో వెలువడిన మరొక ప్రయోగం ఈ వైఫల్యంపై కొంత వెలుగు ప్రసరింపజేసింది. అదే గ్రాహకాన్ని గ్లుటమేట్ నాడీకణాలలో తొలగిస్తే చిట్టెలుకలో భయం తగ్గింది, డోపమైన్ నాడీకణాలలో తొలగిస్తే భయం పెరిగింది. ఒకే తాళం ఒక గదిలో భయానికి, మరొక గదిలో ధైర్యానికి కాపలా కాస్తున్నది. అన్ని గదులనూ ఒకేసారి మూసివేస్తే మేలూ కీడూ పరస్పరం రద్దు కావచ్చు. పైగా చిట్టెలుక బల్లమీద చూపే బెరుకు వేరు, మనిషి ఏళ్ల తరబడి మోసే దిగులు వేరు.

అయినా ఆ శ్రమ వృథా కాలేదు. ఆ కోవకే చెందిన క్రినెసెర్‌ఫాంట్ అనే మందుకు, పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ వ్యాధి చికిత్స కోసం, 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. మనసు కోసం వెదకిన మందు చివరకు గ్రంథికి ఉపకరించింది. వైద్య చరిత్రలో ఇటువంటి మలుపులు కొత్త కావు.

మిత్రులారా, ఈ చరిత్ర నుండి మీ ఇంటికి తీసుకువెళ్లవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఉబ్బసం, కీళ్లవాతం, చర్మవ్యాధి వంటి వాటికి స్టిరాయిడ్ మాత్రలు వాడుతున్నవారిలో నిద్రలేమి, అకారణ కోపం, మితిమీరిన ఉత్సాహం, విపరీతమైన దిగులు కనిపిస్తే మందలించకండి, దిష్టి అనీ గాలి అనీ తిప్పకండి, వెంటనే వైద్యునికి చెప్పండి. చనిపోవాలన్న మాట రోగి నోట వస్తే ఒంటరిగా విడిచిపెట్టకండి. అలాగని భయపడి మాత్రలను ఒక్కసారిగా మానివేయకండి. కొన్ని వారాలు వాడిన తరువాత సొంత అడ్రినల్ గ్రంథి నిద్రావస్థలో ఉంటుంది. హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. క్రమక్రమంగా, వైద్యుని పర్యవేక్షణలోనే తగ్గించాలి. ఒళ్లునొప్పులకని పేరు లేని పొట్లాలలో ఇచ్చే మాత్రలను అసలు తీసుకోకండి. వాటిలో స్టిరాయిడ్ ఉన్నదీ లేనిదీ మీకు తెలిసే దారి లేదు.

ఇప్పుడు ఆ రైతు భార్య నా ఎదుట నిలిస్తే నేను చెప్పే మాట వేరు. “అమ్మా, నీవు సరిగా గమనించావు. ఇది మీ ఆయన గుణం కాదు, మేమిచ్చిన మందు ఆయన మెదడులో చేస్తున్న పని. మోతాదు సరిచేస్తాము, నీవు ధైర్యంగా ఉండు.” ఈ నాలుగు ముక్కలు ఆనాడు చెప్పలేకపోయాను. మీ ఇంట అటువంటి పరిస్థితి వస్తే మీకైనా ఈ మాటలు గుర్తుకు రావాలని నా కోరిక.