ప్రతాపరుద్రీయమున రూపవినిమయము

పరకాయప్రవేశము మన కథావాఙ్మయమునకు క్రొత్త గాదు. కథాసరిత్సాగరమున ఇంద్రదత్తుడు మృతుడైన నందరాజు దేహమును ప్రవేశించెను. అతని స్వదేహమును దహింపించుటచే మరలు త్రోవ లేక ఆ బ్రాహ్మణుడు రాజుగనే మిగిలెను. భగవదజ్జుక ప్రహసనమున యోగికిని గణికకును దేహములే తారుమారయ్యెను. ఓరుగంటి కథలో నిట్టి మార్పు యోగబలమున గాక ముఖసామ్యమున జరిగినది.

వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయ నాటకము (1897) ఈ కథకు ప్రసిద్ధరూపము. ఓరుగంటి ప్రభువు ఢిల్లీవారికి చిక్కును. మంత్రి యుగంధరుడు ఉన్మత్తవేషమున బయలుదేరి సుల్తానునే బంధింతునని ప్రతిజ్ఞ పట్టును. రాజును పోలిన చాకలి పేరిగాడు రాజవేషము దాల్చును. దుస్తులు మారినను పేరిగాని నాలుక మారదు. శాస్త్రిగారు పట్టుపట్టి నిలిపిన పాత్రోచితభాషకు ఇంతకంటె తగిన తావు దొరకదు. గ్రామ్యమును నిరసించిన పండితులు సయితము పేరిగాని మాటలకు నవ్వక తప్పినది గాదు.

ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రమున వైరము వేరొక తీరున కరగును. నిద్రించుచున్న సుల్తానును ప్రతాపరుద్రుని చూచిన సుల్తాను తల్లికి వారు విష్ణుశివుల అంశములుగ తోచిరట! అంతట బందీ విడుదల పొంది స్వదేశమునకు మరలెను.

చరిత్ర ఇంత దయ గలది గాదు. 1323లో ఉలుగ్ ఖాను ఓరుగల్లును గైకొని రాజును ఢిల్లీకి పంపెను. త్రోవలో నర్మదాతీరమున ఆతడు మరణించినట్లు ప్రోలయనాయకుని విలసశాసనము చెప్పుచున్నది. కావున నాటకమందలి జయము పరాజితుల కోరికయే గాని జరిగిన సంగతి గాదు. అంతమాత్రమున దానిని త్రోసివేయుట తగదు. ఓటమిని జాతి యెట్లు మ్రింగుకొన్నదో శాసనములు చెప్పవు, కథలు చెప్పును.

నిజమైన తారుమారు మరియొకటి కలదు. తెలింగాణమునుండి ఢిల్లీ చేరి మతము మారిన కాకతీయోద్యోగి యొకడు మాలిక్ మక్బూలను పేర ప్రసిద్ధుడయ్యెను. మారన మార్కండేయపురాణమునకు కృతిపతియైన నాగయ గన్నసేనాని యీతడే యని పెక్కురు చరిత్రకారుల మతము. ఫిరోజ్ షా తుగ్లకు కాలమున ఈతడు ఖానె జహాన్ బిరుదముతో వజీరై, సుల్తాను దండయాత్రలకు వెడలినపుడు రాజధానిని తానే పాలించెను. ఢిల్లీకి నిజమైన ప్రభువు ఖానె జహానే యని సుల్తాను పలుకుచుండెడివాడని అఫీఫ్ వ్రాసెను. యుగంధరుడు కల్పనలో పట్టిన ఢిల్లీ ఈ తెలుగువానికి వేరొక పేరున, వేరొక మతమున చేజిక్కినది. నిజాముద్దీను చెంత అష్టకోణాకృతి గల యాతని సమాధి నేటికిని నిలిచియున్నది.