తీగ లేని వల: హవాయి దీవుల నుంచి మన మండపం దాకా



ఉగాది నాడు మండపంలో వైఫై ఆగి ఆగి వచ్చిందని గ్రూపులో చాలామంది రాశారు. రెట్టింపు వేగం ఉన్న కనెక్షన్ తీసుకుందామని వచ్చే కమిటీలో తీర్మానం పెడుతున్నారు. నెలనెలా ఆ డబ్బు పిల్లల తెలుగు తరగతుల నిధి నుంచి పోవాలి. చెయ్యెత్తే ముందు ఈ వైర్‌లెస్ ఎక్కడ పుట్టిందో కాస్త చదవండి.

1970 ప్రాంతంలో హవాయి విశ్వవిద్యాలయానికి ఒక చిక్కు వచ్చింది. పెద్ద కంప్యూటరు ఓహు దీవిలో ఉంది, కాలేజీలు కొన్ని వేరే దీవుల్లో ఉన్నాయి. నడుమ సముద్రం. టెలిఫోను లైన్లు ఖరీదు, పైగా నమ్మకం లేనివి. నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసరు, ఆయన తోటివాళ్లు రేడియోతోనే కలుపుదామని పూనుకున్నారు. 1971 జూన్‌లో అలోహానెట్ నడిచింది. అలోహా అంటే అక్కడివాళ్ల పలకరింపు, మన నమస్కారం లాగ.

ఒకే తరంగం మీద ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోతాయి. మా రైల్వేలో సింగిల్ లైన్ మీద టోకెన్ చేతికి రానిదే డ్రైవరు బండి కదిలించేవాడు కాదు. సెక్షన్‌లో ఒకే బండి. అబ్రామ్సన్ దీనికి సరిగ్గా ఎదురు పని చేశాడు. టోకెన్ లేదు, ఎవరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపుకోవచ్చు. సందేశాన్ని చిన్న పొట్లాలుగా కట్టి వదలాలి. 'అందింది' అని జవాబు వస్తే సరి. రాలేదంటే గుద్దుకుందని అనుకుని కాసేపు ఆగి మళ్లీ పంపాలి. ఆ 'కాసేపు' ఒక్కొక్కరికి ఒక్కో రకంగా, చీటీ తీసినట్టు ఉండాలి. లేకుంటే ఇద్దరూ ఒకేసారి ఆగి, ఒకేసారి బయలుదేరి మళ్లీ గుద్దుకుంటారు. బళ్లు గుద్దుకుంటే ప్రాణాలు పోతాయి, పొట్లాలు పోతే ఇంకోసారి పంపితే చాలు. ఆ తేడా పట్టుకున్నాడే, అదే ఆయన తెలివి అని నాకనిపిస్తుంది.

అయితే ఆ దారిలో ఎంత బాగా నడిపినా సుమారు 18 శాతమే పనికొచ్చేది. కాలాన్ని గళ్లుగా కోసి, గడి మొదట్లోనే పంపాలని లారెన్స్ రాబర్ట్స్ చెప్పాక అది 37 శాతం దాకా పెరిగింది. జనం మరీ ఎక్కువైతే మాత్రం గుద్దులాటే మిగులుతుంది.

అబ్రామ్సన్ రాసింది చదివి రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో ఈథర్‌నెట్ తలపెట్టాడు. దాంట్లో పంపే ముందు వినాలి. 1997లో వచ్చిన వైఫై ప్రమాణానిదీ ఈ వంశమే: విను, చీటీ తియ్యి, పంపు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను 2005లో లైసెన్సు లేకుండా వదిలారు. అందుకే ఇప్పుడు పక్కింటి పెట్టె కూడా మన గాలిలోనే అరుస్తోంది.

సెల్‌ఫోన్ జాతి వేరు. అక్కడ టవరు స్టేషన్ మాస్టరు లాగ ఎవరి వంతు ఎప్పుడో పంచిపెడుతుంది. ఊరిని తేనెపట్టులా గదులు చేసి, అవే తరంగాలను దూరపు గదుల్లో మళ్లీ వాడతారు. బ్లూటూత్ మామూలుగా ఒక గది మేరకే. దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షించిన కవచ్‌లో కూడా ఇంజనూ స్టేషనూ మాట్లాడుకునేది రేడియోలోనే.

ఇక మన మండపం. ఉగాది నాడు అందరి ఫోన్లూ ఆఫీసు గదిలోని ఒకే పెట్టెను పట్టుకున్నాయి. వీధి నుంచి వచ్చే లైను వేగం పెంచితే లోపలి గుద్దులాట తగ్గదు. వేదిక దగ్గర ఒకటి, భోజనశాలలో ఒకటి వేరువేరు తరంగాల మీద పెట్టెలు పెట్టి, ప్రత్యక్ష ప్రసారం చేసే కెమెరాకు తీగ లాగితే సరిపోతుందని నా లెక్క. ఈ ఖర్చు ఒక్కసారే. పిల్లల నిధి జోలికి నెలనెలా పోనక్కర్లేదు. తీర్మానం పెట్టేవాళ్లు రెండు అంచనాలూ పక్కపక్కన పెట్టి చూపించాలని కోరుతున్నాను.