తుంగభద్ర డ్యామ్: కట్టింది ఇద్దరు, వాడుకునేది ముగ్గురు.. మరి రిపేరు ఖర్చు ఎవరిది?

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ నంబర్ గేటు చైన్ తెగిపోయింది. గేటు కొట్టుకుపోయింది. డ్యామ్ అప్పటికి నిండుకుండలా ఉంది. ఒక్క గేటు దారిలోనే 35 వేల క్యూసెక్కుల దాకా నీళ్లు బయటికి పోయాయి. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. కర్ణాటకలోని హోస్పేట దగ్గర జరిగిన ఈ ఘటనకు ఇటు కర్నూలు, అనంతపురం, అటు గద్వాల జిల్లాల రైతులు రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఎందుకంటే ఆ డ్యామ్ ఉన్నది ఒక రాష్ట్రంలో అయినా, దాని నీళ్లు మూడు రాష్ట్రాల పొలాలకు పోతాయి.

గేటు పోయినచోట అడ్డం పెట్టడానికి సిద్ధంగా ఉంచిన స్టాప్‌లాగ్ ఏదీ లేదు. హడావిడిగా తయారు చేయించి, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే దించారు. ఆగస్టు 16, 17 తేదీల్లో ఆ పని పూర్తయ్యింది. ఆ సీజన్‌లో వానలు మళ్లీ పడి డ్యామ్ నిండింది కాబట్టి గండం గడిచింది. కానీ అసలు ప్రశ్న అలాగే మిగిలింది. డెబ్బై ఏళ్ల పాత డ్యామ్‌ను బాగు చేయాలంటే డబ్బు ఎవరు పెట్టాలి?

మొదట్లో లెక్క చాలా సింపుల్

తుంగభద్రపై డ్యామ్ కట్టాలన్న ఆలోచన 1860 నాటిది. సర్ ఆర్థర్ కాటన్ పేరు దానికి ముడిపడి ఉంది. అయితే నదికి ఎడమ ఒడ్డు నిజాం హైదరాబాద్ రాజ్యం, కుడి ఒడ్డు బ్రిటిష్ మద్రాస్ ప్రెసిడెన్సీ. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఇటుక కదలదు. ఆ ఒప్పుకోవడానికే ఎనభై ఏళ్లు పట్టింది. 1944 జూన్‌లో ఒప్పందం కుదిరింది. చెరి 65 టీఎంసీల నీళ్లు, డ్యామ్ ఖర్చు చెరి సగం. (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో చెప్పాలంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు.)

1945 ఫిబ్రవరి 28న రెండు ఒడ్డులా శంకుస్థాపన జరిగింది. మునీరాబాద్ వైపు నిజాం పెద్ద కొడుకు, బేరార్ యువరాజు ఆజం జా. హోస్పేట వైపు మద్రాస్ గవర్నర్ సర్ ఆర్థర్ హోప్. ఎడమ వైపు నుంచి హైదరాబాద్ ఇంజినీర్లు, కుడి వైపు నుంచి మద్రాస్ ఇంజినీర్లు కట్టుకుంటూ వచ్చారు. రాతి కట్టడం, అందులో సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీ. సుమారు రెండున్నర కిలోమీటర్ల పొడవు, 49 మీటర్ల ఎత్తు, 33 గేట్లు. ఒక్కో గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 1953 నాటికి డ్యామ్ సిద్ధమైంది. ఈ మధ్యలో నిజాం పాలన పోయింది, బ్రిటిష్‌వాళ్లు పోయారు. పని మాత్రం ఆగలేదు.

పార్ట్‌నర్లు మారిపోయారు

ఇక్కడే కథ చిక్కుపడింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాస్‌లోని బళ్లారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగతావి, డ్యామ్ కుడి ఒడ్డుతో సహా, మైసూరుకు పోయాయి. 1956లో హైదరాబాద్ రాష్ట్రం కూడా విడిపోయింది. రాయచూర్ జిల్లా మైసూరుకు పోతే, అందులోని గద్వాల, అలంపూర్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అంటే కట్టిన రెండు ఖజానాలూ మూతపడ్డాయి. డ్యామ్ మొత్తం మూడో రాష్ట్రం భూమిలోకి వెళ్లింది. నీళ్ల మీద హక్కు మాత్రం కొత్త సరిహద్దులకు రెండు వైపులా పరుచుకుని ఉండిపోయింది.

ఒక ఫర్మ్‌లో పార్ట్‌నర్లు ఇద్దరూ తప్పుకుని వాళ్ల వాటాలు వారసులకు వస్తే ఏం చేస్తారు? కొత్త పత్రం రాసుకుంటారు, మధ్యలో ఒక పెద్దమనిషిని పెట్టుకుంటారు. ఇక్కడ ఆ పెద్దమనిషి పేరు తుంగభద్ర బోర్డు. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టంలోని 66వ సెక్షన్ కింద రాష్ట్రపతి దీన్ని ఏర్పాటు చేశారు. ఛైర్మన్‌ను కేంద్రం నియమిస్తుంది, సభ్యులుగా రాష్ట్రాల అధికారులు ఉంటారు. 2014 విభజన చట్టం 91వ సెక్షన్‌తో పాత ఆంధ్రప్రదేశ్ కుర్చీలోకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వచ్చాయి. డ్యామ్, కుడి వైపు ఎగువ కాల్వ, దిగువ కాల్వల్లో ఉమ్మడి భాగం బోర్డు చూసుకుంటుంది. ఎడమ కాల్వ మాత్రం పూర్తిగా కర్ణాటకది, ఖర్చు కూడా వాళ్లదే.

బోర్డు నడిచేది ప్రధానంగా రాష్ట్రాలు ఇచ్చే డబ్బుతో. నీళ్ల వాటా ఎటు ఉంటే ఖర్చు వాటా అటు నడవాలన్నది ఇక్కడి మూల సూత్రం. బచావత్ ట్రిబ్యునల్ లెక్క ప్రకారం డ్యామ్ నుంచి వాడుకోవాల్సింది 212 టీఎంసీలు. కర్ణాటకకు 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 73.01. ఆ 73.01లో అనంతపురం వైపు వెళ్లే ఎగువ కాల్వకు 32.5, ఆదోని, ఎమ్మిగనూరు వైపు వెళ్లే దిగువ కాల్వకు 24, కేసీ కెనాల్‌కు 10, రాజోలిబండకు 6.51. వందకు లెక్కిస్తే కర్ణాటక వాటా సుమారు 65.5, ఇటు సుమారు 34.5. నీళ్లు తక్కువ వచ్చిన ఏడు అందరికీ ఇదే దామాషాలో కోత పడుతుంది. చిత్రంగా కుడి వైపు కరెంటు పంపకం మాత్రం తలకిందులు. అక్కడ వందలో 80 వంతులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి, 20 కర్ణాటకవి.

పూడిక: ఎవరి ఖాతాలోనూ లేని నష్టం

ఏ కంపెనీ అయినా మిషన్ కొంటే ఏటా తరుగుదల రాసుకుంటుంది, కొత్తది కొనడానికి ఇంత పక్కన పెడుతుంది. డ్యామ్‌ల విషయంలో మన ప్రభుత్వాలకు ఆ అలవాటు తక్కువ. తుంగభద్ర కట్టినప్పుడు నిల్వ సామర్థ్యం 132 టీఎంసీల పైచిలుకు. 2016 సర్వేలో తేలింది 105.788. అంటే దాదాపు 27 టీఎంసీలు మట్టి కింద పోయాయి. దీనికి బిల్లు రాలేదు, ఎవరూ చెక్కు రాయలేదు. కానీ కట్టింది మాత్రం కాల్వ చివర ఉన్న రైతే.

పూడిక తీయడం అయ్యే పని కాదని ఇంజినీర్లు ఎప్పుడో చేతులెత్తేశారు. అంత మట్టి తీస్తే ఎక్కడ పోస్తారు? అందుకే కర్ణాటక కొప్పళ జిల్లా నవలి దగ్గర ఇంకో రిజర్వాయర్ కడదామంటోంది. వరద రోజుల్లో నీళ్లు త్వరగా లాక్కోవడానికి ఎగువ కాల్వకు సమాంతరంగా వరద కాల్వ తవ్వాలన్నది ఆంధ్రప్రదేశ్ వైపు మాట. రెండింటికీ పక్క రాష్ట్రాల ఒప్పుకోలు కావాలి. ఒప్పుకోవడం అంటే ఖర్చులో చేయి వేయడం, తర్వాత నీళ్ల లెక్కలో పట్టు వదులుకోకపోవడం. అందుకే కదలట్లేదు.

గేట్ల విషయంలో అంత సాగదీసే అవకాశం లేకపోయింది. కేంద్ర జల సంఘం మాజీ ఛైర్మన్ ఏకే బజాజ్ నాయకత్వంలోని నిపుణుల కమిటీ గేట్లన్నీ మార్చాలని చెప్పింది. 2025లో భద్రత కోసం నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపారు. గేట్ల పని చేయాలంటే డ్యామ్‌లో నీళ్లు తగ్గాలి, కాబట్టి రెండో పంటకు నీళ్లు ఇవ్వకూడదని నిర్ణయించారు. ఆ ఏడు వరి వేసుకోలేని రైతు నష్టం కూడా న్యాయంగా ఈ రిపేరు ఖర్చులోకే వస్తుంది. బోర్డు పద్దుల్లో అలాంటి కాలమ్ లేదు.

తెలంగాణకు దక్కేది: ఆర్డీఎస్

తుంగభద్రతో తెలంగాణకు ఉన్న పెద్ద లింకు రాజోలిబండ డైవర్షన్ స్కీమ్, జనం నోట ఆర్డీఎస్. నిజాం కాలంలో మొదలైన ఈ ఆనకట్టకు ఎడమ ఒడ్డు రాయచూర్ జిల్లా, కుడి ఒడ్డు కర్నూలు వైపు. కాల్వ మొదటి 40 కిలోమీటర్ల పైన కర్ణాటకలో నడిచి తర్వాత తెలంగాణలోకి వస్తుంది. ఆయకట్టు చూస్తే తెలంగాణలో 87,500 ఎకరాలు, కర్ణాటకలో 6 వేల ఎకరాల లోపు. ట్రిబ్యునల్ ఇచ్చిన 17.1 టీఎంసీల్లో 15.9 తెలంగాణవే. డ్యామ్‌లో పూడిక మింగింది దీనికి ఒకటిన్నర రెట్ల కంటే ఎక్కువ.

కాగితం మీద ఉన్న 15.9 పొలానికి రాదు. ఆనకట్ట పాతబడింది, కాల్వ పూడింది, మధ్యలో తోడుకునేవాళ్లు తోడుకుంటారు. 2003లో కేసీఆర్ అలంపూర్ నుంచి గద్వాల దాకా పాదయాత్ర చేసింది ఈ నీళ్ల కోసమే. ఆనకట్టను 15 సెంటీమీటర్లు ఎత్తు పెంచి, కాల్వను ఆధునికీకరించాలని ప్లాన్ ఉంది. ఇందులో పంపకం ఎలా ఉందో చూడండి: డబ్బు దిగువ రాష్ట్రం ఇవ్వాలి, పని కర్ణాటక చేయాలి, కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్ భూమిలో ఉంది కాబట్టి అక్కడ పని చేయనివ్వాల్సింది వాళ్లు. ఎత్తు పెంచితే సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కెనాల్‌కు నీళ్లు తగ్గుతాయని కర్నూలు రైతులు అడ్డుచెప్పారు. వాళ్ల భయం వాళ్లకుంది, అక్కడా ఎండేది పొలమే. తమకు రావాల్సిందే అడుగుతున్నామని అలంపూర్ రైతుల వాదన. ఇద్దరి మాటా నిజమే కావడంతో పని సగంలో నిలిచిపోయింది.

ఎదురుచూసి విసిగిన తెలంగాణ ప్రభుత్వం తుమ్మిళ్ల దగ్గర లిఫ్ట్ పెట్టుకుంది. తుంగభద్రలోంచి నీళ్లు తోడి ఆర్డీఎస్ కాల్వలో పోసే ఈ స్కీమ్ 2018లో మొదలైంది. ఆనకట్ట సరిగా ఉంటే కాల్వలోకి వాటంతట అవే పారాల్సిన నీళ్లను ఇప్పుడు మోటార్లు పెట్టి ఎత్తుతున్నారు. ఉమ్మడి ఆనకట్ట రిపేరుకైతే ఖర్చు ఒక్కసారే. ఈ కరెంటు బిల్లు మాత్రం మోటార్లు తిరిగినన్ని రోజులూ వస్తుంది. ఇందులో కర్ణాటకకు గానీ, ఆంధ్రప్రదేశ్‌కు గానీ వాటా లేదు.