కొండవారిని అడిగినవారు

ఒక మనిషిని "మీరు చేసే పని ఏమిటి?" అని అడగడం తేలిక. "ఆ పని ఎట్లా చేస్తారు? అందులోని ఒక్కొక్క వస్తువునూ ఏమని పిలుస్తారు?" అని అడిగి, చివరిదాకా ఓపికతో వినడం కష్టం. తూర్పు కనుమలలో ఈ కష్టాన్ని కోరి తలకెత్తుకొన్నవారు కొందరున్నారు. వారి ప్రశ్నల వల్ల మనకు కొండవారిని గూర్చియే గాక, మన తెలుగును గూర్చి కూడా కొత్త సంగతులు తెలిసినవి.

వీరిలో ఒకరు మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్. కె. రంగాచారి సహాయంతో ఆయన 1909లో దక్షిణ భారతదేశపు కులాలను, తెగలను గూర్చి ఏడు సంపుటాలు ప్రకటించినారు. మనుషుల తలలను, ముక్కులను పరికరాలతో కొలవడం ఆయన పద్ధతి. అటువంటి కొలతలపై ఆనాడు కట్టిన జాతి సిద్ధాంతాలను నేటి శాస్త్రం త్రోసివేసినది. అయితే గడబ స్త్రీలు చెట్ల నార తీసి, రంగుల చారలతో తమ చీరెలను తామే నేసుకొనే విధానాన్ని గూర్చి ఆ సంపుటాలలో వ్రాసినది మాత్రం నేటికీ విలువైనది. ఆ నేత నిత్యజీవితంలో అరుదైపోయిన కొలదీ దాని విలువ పెరుగుతున్నది.

థర్‌స్టన్ సంపుటాలకు ముందే, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు మరొక దారి త్రొక్కినారు. సవరల జీవితం తెలియాలంటే ముందు వారి మాట రావాలని ఆయన భావించినారు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట ఉంచుకొని, ఒక్కొక్క మాటే అడిగి నేర్చుకొన్నారు. కొండలెక్కి గూడేలలో తిరిగినారు. సవర భాషకు వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. సవర పిల్లల కోసం వారి భాషలోనే పాఠాలు వ్రాసి, స్వంత ఖర్చుతో బడులు నడిపినారు. కొండజ్వరానికి పుచ్చుకొన్న క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు చెబుతారు. వినడమే పనిగా పెట్టుకొన్న మనిషి చెల్లించిన మూల్యం అది.

గిడుగువారి తరువాతి తరంలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతానికి వెళ్ళినారు. కొండదొరలలో కొందరు మాట్లాడే కొండ భాషను, అనగా కూబిని, వారినే అడిగి వ్రాసుకొన్నారు. ఆ కథలు, వ్యాకరణం, పదజాలం కలిసి 1969లో గ్రంథమైనవి. తెలుగు పలుకుబడిలో ఏనాడో మామూలు రేఫతో కలిసిపోయిన బండి 'ఱ' వంటి ధ్వని కొండ భాషలో వేరుగా నిలిచి ఉన్నది. మన బడిపిల్లలు పట్టికలు చూచి కంఠస్థం చేసిన భేదం, చదువురాని కొండవారి నాలుకపై సహజంగా పలుకుతున్నదన్నమాట! గోండి, కొండ, కూయి, కువి భాషలు తెలుగుకు దగ్గరి చుట్టాలని కృష్ణమూర్తిగారు తమ పరిశోధనలో నిరూపించినారు.

ఆ పండితుడే మైదానంలోని వృత్తులవారినీ అడిగించినారు. కాడి, మేడి, కఱ్ఱు అని మనం పుస్తకాలలో చదివే వస్తువులను ఏ ఊరివారు ఏమంటారు? పడుగు, పేక, అచ్చు అనేవాటికి ఒక్కొక్క సీమలో ఏయే పేర్లున్నవి? ఇట్టి ప్రశ్నలకు రైతులు, నేతవారు చెప్పిన జవాబులే మాండలిక వృత్తిపదకోశమైనవి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ సంపుటాన్ని 1962లోను, చేనేత సంపుటాన్ని 1971లోను ప్రకటించినది. ఈ మాలిక తరువాత ఇతర వృత్తులకు కూడా విస్తరించినది.

ఈ గ్రంథాలపై అడిగినవారి పేర్లున్నవి. జవాబు చెప్పినవారు మాత్రం చాలవరకు మరుగున పడిపోయినారు. కాని ప్రశ్న ఎంత తెలివైనదైనా, పని మానుకొని కూర్చుండి, తెలియనివానికి విసుగు లేక పదిమార్లు చెప్పే మనిషి లేనిదే గ్రంథం లేదు. ఆ గ్రంథాలలో సగం కర్తృత్వం వారిదే.

అరకులోయ ఇప్పుడు కాఫీకి పేరుపొందినది. అక్కడి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. నీడచెట్ల క్రింద కాఫీ పెంచడం, పండు కోయడం, తొక్క తీయడం, గింజ ఆరబెట్టడం ఇప్పుడు అక్కడి అనేక కుటుంబాల పని. లోయకు వెళ్ళే మనం కాఫీ ధర అడిగి ఊరుకొంటే వర్తకం జరుగుతుంది. ఆ చెట్టును, ఆ గింజను, ఆ పనిముట్టును తమ ఇంట ఏమంటారో కూడా అడిగితే చరిత్ర మిగులుతుంది. నార చీరెకు జరిగినట్లు పని అరుదైన తరువాత వెదకుకొనడం కంటె, చేతులు ఆ పనిలో ఉండగానే అడగడం మేలు.